సిరామిక్‌లో నానో కార్బన్: బలం కోసం వెతికితే ఏం దొరికింది?

సిరామిక్‌కు వేడి భయం లేదు, అరుగుదల భయం లేదు, తుప్పు భయం లేదు. ఉన్నదల్లా పగులు భయం. అల్యూమినా పలకలో కంటికి కనిపించని గీత ఒకటి ఉంటే చాలు. బరువు పడగానే ఒత్తిడంతా ఆ గీత కొస దగ్గర గుమిగూడి, రెప్పపాటులో పలక రెండు ముక్కలవుతుంది. లోహమైతే ఆ కొస దగ్గర కాస్త సాగుతుంది, పగులు మొన మొద్దుబారుతుంది. సిరామిక్‌లోని పరమాణు బంధాలు అంత వెసులుబాటు ఇవ్వవు. ఈ తేడాను ఇంజినీర్లు ఫ్రాక్చర్ టఫ్‌నెస్ అనే అంకెతో చెబుతారు. దాని ప్రమాణం మెగాపాస్కల్ రూట్ మీటర్. కిటికీ అద్దానికి ఆ అంకె 0.7 నుంచి 0.8, అల్యూమినాకు 3 నుంచి 4, బాగా తయారైన సిలికాన్ నైట్రైడ్‌కు 6 పైన. ఇంజినీరింగ్ ఉక్కులకు 50 పైమాటే. విమాన ఇంజిన్‌లో, రాకెట్ నాజిల్‌లో సిరామిక్ వాడాలనుకునే ప్రతివారికీ ముందు ఎదురయ్యేది ఈ అంతరమే.

1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా కార్బన్ నానో గొట్టాల మీద పత్రం ప్రచురించినప్పటి నుంచి ఈ అంతరాన్ని పూడ్చే మార్గం దొరికిందన్న ఆశ బలంగా పుట్టింది. ఆశకు ఆధారం లేకపోలేదు. 2000లో ఒక్కొక్క గొట్టాన్నీ పట్టి లాగి చూసిన కొలతల్లో, బహుళ గోడల గొట్టాల బయటి పొర 11 నుంచి 63 గిగాపాస్కల్స్ దాకా తట్టుకుంది. మేలైన ఉక్కు తీగలు కూడా దాని దరిదాపుల్లోకి రావు. మట్టిగోడలో గడ్డి కలిపి బీటలు ఆపిన ఉపాయమే ఇక్కడా పనిచేస్తుందని, అంత బలమైన పీచు సిరామిక్‌లో కలిస్తే పగులు ఆగి తీరుతుందని అనుకోవడం సహజమే. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా జరిగిన పని అంతా చదివితే నాకు తేలిన సంగతి వేరు. బలం కోసం వెతికిన చోట బలం చాలా తక్కువగా దొరికింది. విలువైన ఫలితాలు పక్కదారిలో, పాలిమర్‌ను కాల్చి సిరామిక్ చేసే దారిలో దొరికాయి. అవి కూడా బలానికి సంబంధించినవి కావు.

ముందుగా ఆశను ఆకాశానికెత్తిన ఫలితం. 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో అమియా ముఖర్జీ బృందం అల్యూమినాలో పరిమాణం లెక్కన 10 శాతం ఏకగోడ నానో గొట్టాలు కలిపింది. స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ పద్ధతిలో, అంటే పొడిని అచ్చులో నొక్కిపెట్టి విద్యుత్తు పంపి నిమిషాల్లో వేడెక్కించి, 1150 డిగ్రీల దగ్గరే గట్టి ముద్ద చేసింది. టఫ్‌నెస్ 9.7 వచ్చిందని నేచర్ మెటీరియల్స్ పత్రికలో ప్రకటించింది. కలపని అల్యూమినాతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు ఈ దారి పట్టాయి.

మరుసటి ఏడాదే, అదే పత్రికలో నితిన్ పద్తురే బృందం ఆ కొలతనే ప్రశ్నించింది. ఆ ప్రశ్న ఈ రంగం మొత్తాన్నీ అర్థం చేసుకోవడానికి తాళంచెవి లాంటిది కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. డేవిస్ బృందం వాడింది వికర్స్ పద్ధతి. పిరమిడ్ ఆకారపు వజ్రపు మొనతో పలక మీద నొక్కుతారు. గుంట నాలుగు మూలల నుంచీ పగుళ్లు పాకుతాయి. పగులు ఎంత పొడవు పాకిందో కొలిచి, సూత్రంలో వేసి టఫ్‌నెస్ రాబడతారు. పగులు పొట్టిగా ఉంటే పదార్థం గట్టిదని అర్థం. సిరామిక్ సజాతీయంగా ఉన్నప్పుడు ఈ లెక్క అందాజాగా పనికొస్తుంది. గింజల మధ్య నానో గొట్టాల కట్టలు ఉన్నప్పుడు మాత్రం వజ్రం కింద పదార్థం ఆ మెత్తని సందుల వెంట జారి, నలిగి సర్దుకుంటుంది. పొడవైన పగుళ్లు పుట్టవు. పగులు ఆగలేదు, అసలు మొదలవలేదు. పద్తురే బృందం అదే రకం నమూనాను కడ్డీగా కోసి, అంచున పదునైన గాటు పెట్టి, వంచి విరిచి కొలిచింది. టఫ్‌నెస్‌లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నానో గొట్టాల బదులు మామూలు గ్రాఫైట్ కలిపిన నమూనా కూడా వజ్రపు మొన కింద అలాగే ప్రవర్తించింది. ఆ గుణానికి నానో గొట్టమే అక్కర్లేదన్నమాట.

2007లో క్విన్, బ్రాడ్ట్ అనే ఇద్దరు నిపుణులు అమెరికన్ సిరామిక్ సొసైటీ పత్రికలో, వికర్స్ పగుళ్లతో టఫ్‌నెస్ కొలవడం ఇక మానేయాలని నిర్మొహమాటంగా రాశారు. అయినా ఆ కొలత ఆగలేదు. నమూనా చిన్నదైనా చాలు, యంత్రం ప్రతి కళాశాలలోనూ ఉంటుంది, సాయంత్రానికి అంకె చేతికొస్తుంది. కడ్డీలు కోసి, గాట్లు పెట్టి, పదేసి విరిచి కొలవాలంటే పదార్థమూ ఓపికా కావాలి. 2011లో సిలికాన్ నైట్రైడ్‌లో గ్రాఫీన్ అనే పలుచని కార్బన్ రేకులు 1.5 శాతం కలిపితే టఫ్‌నెస్ 2.8 నుంచి 6.6కు ఎగబాకిందన్న ఫలితానికి ఎంతో పేరు వచ్చింది. గ్రాఫీన్ రేకులు గింజలను చుట్టుకుని పగులును అన్ని దిక్కులా మళ్లిస్తాయన్న ఆ పత్రంలోని పరిశీలన విలువైనదే. కానీ 2.8 దగ్గర మొదలైన లెక్క అది. సిలికాన్ నైట్రైడ్‌ను తగిన సహాయక పొడులతో తగినంత సేపు కాల్చితే సూదుల్లాంటి బీటా స్ఫటికాలు పెరిగి, గ్రాఫీన్ చుక్క లేకుండానే 6 దాటుతుంది. పోల్చాల్సింది దానితో. ఈ రంగంలో ఏ పత్రం తెరిచినా నేను ముందు చూసేది రెండే: కలపని నమూనా అంకె ఎంత, దాన్ని ఎలా కొలిచారు.

కొలత సంగతి పక్కన పెట్టినా, నానో గొట్టం పగులును ఆపలేకపోవడానికి భౌతికమైన కారణం ఒకటి ఉంది. పీచు కలిసిన సిరామిక్‌లో పగులు విచ్చుకునేటప్పుడు, పీచు దాని రెండు ఒడ్డులనూ పట్టుకుని ఉంటుంది. ఒడ్డులు దూరమవుతున్న కొద్దీ పీచు తన గూటిలోంచి రాసుకుంటూ బయటికి వస్తుంది. ఆ రాపిడిలో ఖర్చయ్యే శక్తే మనకు కావలసిన టఫ్‌నెస్. రాపిడి, పాళ్లు సమానంగా ఉంటే ఆ శక్తి పీచు బలం వర్గాన్ని బట్టి, పీచు లావును బట్టి పెరుగుతుంది. సుమారు 3 గిగాపాస్కల్స్ బలం, 14 మైక్రాన్ల మందం ఉన్న సిలికాన్ కార్బైడ్ దారాన్ని ఒకవైపు పెట్టండి. మరోవైపు 30 గిగాపాస్కల్స్ బలం, 14 నానోమీటర్ల మందం ఉన్న గొట్టాన్ని పెట్టండి. బలం పదింతలు కాబట్టి వర్గం నూరింతలు. మందం మాత్రం వెయ్యో వంతు. చివరికి నానో గొట్టం ఇచ్చేది దారం ఇచ్చేదాంట్లో పదో వంతు. చాలాకాలం పత్రాల ముందుమాటల్లో ‘నానో’ సన్నదనాన్ని సుగుణంగా చెప్పుకున్నారు. పగులును లాగిపట్టే పనిలో ఆ సన్నదనమే లోపం.

దీనికి కలపడంలోని కష్టం తోడవుతుంది. నానో గొట్టాలు ఒకదాన్నొకటి వాండర్‌వాల్స్ ఆకర్షణతో గట్టిగా పట్టుకుని కట్టలు కడతాయి. సిరామిక్ పొడిలో వేసి ఎంత నూరినా కట్టలు పూర్తిగా విడవవు. మిగిలిన కట్ట పీచుగా పనిచేయదు. లోపంగా పనిచేస్తుంది, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ఆమ్లాలతో ఉడికించి గొట్టాల ఒంటికి ఆక్సిజన్ సమూహాలు అతికిస్తే విడివడతాయి, కానీ గోడలు దెబ్బతింటాయి. అల్ట్రాసోనిక్ తరంగాలతో ఎక్కువసేపు కొడితే గొట్టాలు తుంపులవుతాయి. ఇంత శ్రమపడి కలిపాక, కొలిమిలో ఇంకో గండం. 1500, 1600 డిగ్రీల దగ్గర కార్బన్ ఊరుకోదు. సిలికాన్ నైట్రైడ్‌తో కలిసి సిలికాన్ కార్బైడ్‌గా మారుతుంది, నైట్రోజన్ బుడగలు వదులుతుంది.

పాలిమర్ దారి ప్రవేశించేది ఇక్కడే. ఇది నానో కార్బన్ కోసం పుట్టిన దారి కాదు. 1975లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో సెయిషి యజిమా చేసిన పని దీనికి మూలం. సిలికాన్, కార్బన్ ఒకదాని పక్కన ఒకటి ఉండే పాలీకార్బోసిలేన్ అనే పాలిమర్‌ను ఆయన కరిగించి దారంగా తీశాడు. గాలిలో మెల్లగా వేడిచేసి ఆ దారం మళ్లీ కరగకుండా గట్టిపరిచాడు. ఆక్సిజన్ లేని కొలిమిలో 1200 డిగ్రీల పైన కాల్చాడు. హైడ్రోజన్, మీథేన్ ఎగిరిపోయి, మిగిలింది సిలికాన్ కార్బైడ్ దారం. నిప్పాన్ కార్బన్ సంస్థ దాన్ని నికలాన్ పేరుతో అమ్మింది. ఆ వంశంలో వచ్చిన మెరుగైన దారాలు ఈరోజు ఎయిర్‌బస్ ఏ320నియో, బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల లీప్ ఇంజిన్లలో, అధిక పీడన టర్బైన్ చుట్టూ ఉండే సిరామిక్ వలయంలో ఉన్నాయి. 2016 నుంచి ప్రయాణికులను మోస్తున్నాయి. నికెల్ మిశ్రలోహంతో పోలిస్తే వాటి బరువు మూడో వంతు. సిరామిక్ పగులును నిజంగా లొంగదీసిన పదార్థం ఏదంటే నా సమాధానం ఇదే: మైక్రాన్ల మందం ఉన్న దారం, దాని మీద జారేందుకు బోరాన్ నైట్రైడ్ పలుచని పూత. పాలిమర్ లేనిదే ఆ దారం లేదు.

ద్రవరూపంలో ఉన్న పాలిమర్‌కు పొడికి లేని సుగుణం ఉంది. అది నానో గొట్టాన్ని తడుపుతుంది. గొట్టాలను ద్రవంలో విడదీసి, 200 నుంచి 400 డిగ్రీల మధ్య పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిస్తే, అవి మళ్లీ కట్టలు కట్టే సందు దొరకదు. తర్వాత 1000 డిగ్రీల దగ్గర కాల్చితే చాలు, ఆ వేడికి జడవాయువులో కార్బన్‌కు ఏమీ కాదు. 2004లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లినాన్ ఆన్ బృందం ద్రవ పాలీసిలజేన్‌లో బహుళ గోడల గొట్టాలు కలిపి, సిలికాన్, కార్బన్, నైట్రోజన్‌లతో కూడిన సిరామిక్‌గా మార్చి చూపింది. కొలిమి దాటాక కూడా గొట్టాలు విడివిడిగా, క్షేమంగా ఉన్నాయి. పొడి నూరిన దారిలో అంత సులువుగా దొరకని ఫలితం ఇది.

అయితే పాలిమర్ ఈ మేలుకు ధర అడుగుతుంది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1 గ్రాము, అది ఇచ్చే సిరామిక్‌ది 2 పైన. పైగా వాయువులుగా కొంత బరువు పోతుంది. పొడవులో నాలుగో వంతు కుంచించుకుపోవడం మామూలే. అంటే ఘనపరిమాణం సగానికి పైగా తగ్గిపోతుంది. వాయువులు బయటికి వచ్చే దారి లేకపోతే ముద్ద లోపల నుంచే పగులుతుంది. అందుకే పలుచని పూతలు, దారాలు, సన్నని జాలీలు పాలిమర్ దారిలో బాగా వస్తాయి, వేలు మందం దిమ్మలు రావు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పీటర్ గ్రైల్ 1990లలో ఒక ఉపాయం పెంచి పోషించాడు. టైటానియం వంటి చురుకైన పొడి కలిపితే, అది ఆ వాయువులతోనే చర్య జరిపి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కుంచించడాన్ని కొంత సరిపెడుతుంది. కార్బన్ గొట్టాలకు ఆ చురుకు లేదు. అవి కుంచింపును కాస్త అడ్డగిస్తాయి గానీ పూడ్చవు. ఇక వాటిని ఒకటి రెండు శాతం మించి వేస్తే ద్రవం ముద్దగా బిగుసుకుపోయి, అచ్చులోకి పారదు.

2016లో కాలిఫోర్నియాలోని హెచ్‌ఆర్‌ఎల్ ప్రయోగశాల, కాంతి తగిలితే గట్టిపడే సిరామిక్ పాలిమర్‌తో త్రీడీ ప్రింటింగ్ చేసి, కాల్చి, 1700 డిగ్రీలు తట్టుకునే జాలీలు తయారుచేసింది. ఆకారాల విషయంలో అది పెద్ద ముందడుగు. నానో కార్బన్‌కు మాత్రం ఆ తలుపు సగమే తెరిచి ఉంది. నల్లని కార్బన్ ఆ అతినీలలోహిత కాంతిని తానే మింగేస్తుంది కాబట్టి పొరలు సరిగా గట్టిపడవు.

ఇంతకీ నానో కార్బన్ ఎక్కడ పనికొచ్చింది? నా లెక్కలో అన్నింటికంటే స్థిరమైన ఫలితం విద్యుత్తుది. అల్యూమినా గట్టి విద్యుత్ బంధకం. అందులో 15 శాతం ఏకగోడ గొట్టాలు కలిపినప్పుడు మీటరుకు 3345 సీమెన్స్ వాహకత వచ్చిందని ముఖర్జీ బృందమే 2003లో చూపింది. టఫ్‌నెస్ అంకె వివాదంలో పడినా ఈ అంకె నిలబడింది. పొడవైన గొట్టాలు ఒకదాన్నొకటి తాకుతూ వలలా అల్లుకుంటాయి కాబట్టి, బాగా విడదీస్తే ఒక శాతం లోపే వాహకత మొదలవుతుంది. గుండ్రటి మసి రేణువులతో ఆ పని చేయించాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేయాలి. పగులును లాగిపట్టడంలో అడ్డొచ్చిన సన్నదనమే ఇక్కడ పనికొచ్చింది. దీని ప్రయోజనం కర్మాగారంలో కనిపిస్తుంది. గట్టి సిరామిక్‌ను వజ్రపు చక్రంతో సానపట్టడం ఎంతో ఖర్చు. విద్యుత్తు ప్రవహించే సిరామిక్‌ను లోహాన్ని కోసినట్టే స్పార్క్ యంత్రం మీద కోయవచ్చు. రేడియో తరంగాలను పీల్చుకునే పూతలకూ ఈ వాహకతే ఆధారం.

రెండోది, వేడిని మింగే పూత. శక్తిమంతమైన లేజర్ ఎంత శక్తి ఇస్తోందో కొలవాలంటే, దాన్ని తిప్పికొట్టకుండా మింగి, కాలిపోకుండా నిలిచే నల్లని పొర కావాలి. నానో గొట్టాలు కాంతిని అద్భుతంగా మింగుతాయి, కానీ గాలిలో మాడిపోతాయి. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో గుర్‌ప్రీత్ సింగ్ బృందం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌తో కలిసి, గొట్టాలకు పాలిమర్ పూసి కాల్చి, ప్రతి గొట్టం చుట్టూ పలుచని సిరామిక్ తొడుగు వచ్చేలా చేసింది. ఆ పూత లేజర్ దెబ్బను బాగా తట్టుకుంది. ఇందులో ఆలోచనే తలకిందులైంది. అప్పటిదాకా గొట్టం సిరామిక్‌ను కాపాడుతుందని అందరూ వెతికారు. ఇక్కడ సిరామిక్ గొట్టాన్ని కాపాడింది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన పని ఇదే.

మూడో సంగతి కొంచెం సూక్ష్మం. సిలికాన్ ఆక్సీకార్బైడ్ వంటి పాలిమర్ సిరామిక్‌లు కాలుతున్నప్పుడు తమలో తామే కార్బన్‌ను పుట్టిస్తాయి. గ్రాఫీన్ చిరురేకుల్లాంటి ఆ కార్బన్ నానోమీటర్ల స్థాయిలో పదార్థమంతా సమంగా పరుచుకుంటుంది. మనం బయటి నుంచి ఎంత కష్టపడినా అంత సమంగా కలపలేం. ఒత్తిడి పడితే విద్యుత్ నిరోధం బాగా మారే గుణం, లిథియం అయాన్లను దాచుకునే గుణం ఈ సొంత కార్బన్ వల్లే వస్తాయి. గ్రాఫైట్ ఆనోడ్ సైద్ధాంతిక గరిష్ఠం గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఈ సిరామిక్‌లు దాన్ని దాటగలవు. తొలి చార్జింగ్‌లోనే చాలా లిథియం చిక్కుకుపోవడం వాటి పెద్ద బలహీనత. పాలిమర్ అణువును మార్చి కావలసినంత కార్బన్ లోపలే పుట్టించగలిగినప్పుడు, ఖరీదైన గొట్టాలు కొని కలపడం ఎందుకన్న ప్రశ్నకు చాలా పత్రాలు జవాబివ్వవు. ఇవ్వాలి.

వీటన్నింటి మీదా ఒక హద్దు ఉంది. కార్బన్ గాలిలో సుమారు 500 డిగ్రీల నుంచే మండటం మొదలుపెడుతుంది. సిరామిక్ లోపల మూసుకుని ఉన్నంతసేపు దానికి రక్ష. ఒక్క పగులు పైకి తెరుచుకుందంటే ఆక్సిజన్ లోపలికి దారి వెతుక్కుంటుంది. వాహకత కోసం అల్లుకున్న వలే ఆ నిప్పు పాకే బాట కూడా అవుతుంది. అందువల్ల ‘అధిక ఉష్ణోగ్రత సిరామిక్’ అని ప్రకటించేవారు జడవాయువులో ఎంత తట్టుకుందో కాక, తడి గాలిలో ఎన్ని గంటలు నిలిచిందో చెప్పాలి.

2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా స్పేస్ షటిల్ ప్రమాదానికి మూలం రెక్క అంచులోని కార్బన్ పలకకు పడిన రంధ్రమే. ఆ తర్వాత నాసా కక్ష్యలోనే పగుళ్లు పూడ్చేందుకు నోయాక్స్ అనే ముద్ద తయారు చేయించింది. సిరామిక్‌గా మారే పాలిమర్‌లో కార్బన్, సిలికాన్ కార్బైడ్ పొడులు కలిపిన ముద్ద అది. వ్యోమగామి తాపీతో పగులులో నింపితే, తిరుగు ప్రయాణపు వేడే దాన్ని సిరామిక్‌గా కాలుస్తుంది. 2005, 2006 షటిల్ యాత్రల్లో వ్యోమగాములు నమూనా పలకల మీద దాన్ని రాసి చూశారు. అందులోవి నానో రేణువులు కాకపోవచ్చు. కానీ పాలిమర్, కార్బన్, సిరామిక్ మూడూ కలిసి ఏ పనికి పుట్టాయో అంత స్పష్టంగా చూపిన ఉదాహరణ నాకు మరొకటి కనపడలేదు.

ఇక నానో గొట్టాలను కలిపేవాళ్ల ఊపిరితిత్తుల గురించి చాలా సమీక్షలు మాట్లాడవు. పొడవైన, బిరుసైన బహుళ గోడల గొట్టాలు ఎలుకల శరీరంలో ఆస్‌బెస్టాస్ పీచు తరహా వాపు తెచ్చాయని 2008లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు చూపారు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే రకాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న 2బి వర్గంలో చేర్చింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ సిఫారసు చేసిన హద్దు, ఎనిమిది గంటల పనిలో ఘనమీటరు గాలికి 1 మైక్రోగ్రాము. కంటికి కనిపించేంత దుమ్ము లేచిందంటే ఆ హద్దు ఏనాడో దాటినట్టే. పాలిమర్ దారికి ఇక్కడా ఒక మేలుంది. ముందే ద్రవంలో కలిసిన గొట్టాలను కొంటే పొడి తూచే పని తప్పుతుంది. కానీ కాల్చాక సానపట్టేటప్పుడు లేచే దుమ్ము సంగతి అలాగే ఉంటుంది.

మన దగ్గర ఈ పనికి కావలసిన వేర్లన్నీ ఉన్నాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రంలో కార్బన్ పదార్థాల మీదా, సిలికాన్ కార్బైడ్ వంటి సిరామిక్‌ల మీదా ఒకే ఆవరణలో పని జరుగుతోంది. కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ ప్రయోగశాల ఉంది. అగ్ని క్షిపణి ముక్కుకు వేడి కవచంగా నిలిచిన కార్బన్-కార్బన్ పదార్థం హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్నదే. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం సిరామిక్‌గా మారే పాలిమర్ల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. పీఎస్ఎల్‌వీ నాలుగో దశ కోసం కార్బన్-కార్బన్ నాజిల్‌ను, దానికి సిలికాన్ కార్బైడ్ రక్షణ పూతతో సహా, తయారుచేసినట్టు 2024 ఏప్రిల్‌లో ఇస్రో ప్రకటించింది. నాజిల్ మీది ఆ పూతలో సన్నని పగుళ్లు రాకుండా చూడటం, వస్తే పూడ్చుకోవడం పాలిమర్ దారికి సరిగ్గా సరిపోయే సమస్య. మన విశ్వవిద్యాలయాల్లో ఈ అంశం మీద పరిశోధన మొదలుపెట్టే విద్యార్థికి నేను సూచించేది ‘టఫ్‌నెస్ ఎన్ని రెట్లు పెరిగింది’ అనే పాత ప్రశ్న కాదు. పదేసి కడ్డీలు తీసుకుని, సగం నానో కార్బన్‌తో, సగం అది లేకుండా ఒకే కొలిమిలో కాల్చాలి. గాటు పెట్టి విరిచిన అంకె, విద్యుత్ వాహకత, వెయ్యి డిగ్రీల తడి గాలిలో వంద గంటల తర్వాత ఆ రెండు అంకెలూ ఎంత మిగిలాయో ఒకే పట్టికలో పెట్టాలి.